సర్గోధాకు ఆలస్యంగా చేరిన బిరుదు

1933 వేసవిలో ఇంగ్లండులోని ఫోక్‌స్టన్ పట్టణంలో చదరంగ ఒలింపియాడ్ జరిగింది. పోటీలు ముగిశాక, విజేతలైన అమెరికా జట్టును సర్ ఉమర్ హయాత్ ఖాన్ టివానా తన లండన్ నివాసానికి విందుకు పిలిచారు. ఆ జట్టు సభ్యుడైన రూబెన్ ఫైన్ చాలా కాలం తరువాత ఆ సాయంకాలాన్ని గ్రంథస్థం చేశారు. అతిథులకు వడ్డన చేసినది మరెవరో కాదు, ఇంగ్లండు జట్టుకు మొదటి బోర్డు మీద ఆడిన మీర్ సుల్తాన్ ఖాన్. ఒక గ్రాండ్‌మాస్టర్ చేత వడ్డించుకోవలసి వచ్చిందే అని ఫైన్ ఆశ్చర్యపోయారు. ఆ మాట అప్పటికి అధికారిక బిరుదు కాదు. గొప్ప ఆటగాళ్లను గౌరవంగా అలా పిలిచేవారు, అంతే.

సుల్తాన్ ఖాన్ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో, అవిభక్త పంజాబులోని మిఠా టివానాలో జన్మించారు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి దగ్గర నేర్చుకున్నది దేశీయ చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకదు. రాజు ఏనుగు చాటున కోట కట్టుకోడు, దానికి మారుగా ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. అవతలి అంచు చేరిన బంటు ఏ వరుసలో చేరితే ఆ వరుస బలంగానే మారుతుంది. అందువల్ల ఆరంభాలు నెమ్మదిగా సాగుతాయి, ఓర్పు గలవాడు గెలుస్తాడు. పాశ్చాత్య నియమాలను ఆయనకు నేర్పించినది జమీందారైన సర్ ఉమరే. 1928లో అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ తొమ్మిది ఆటలలో ఎనిమిది గెలిచి, ఒకటి డ్రా చేసుకున్నారు.

మరుసటి వసంతంలో లండన్ చేరి, సన్నాహంగా ఆడిన చిన్న పోటీలో అట్టడుగున నిలిచారు. అక్కడ ఆయనకన్నా పైన నిలిచిన విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ ఆయనతో కూర్చుని సాధన చేయించారు. క్రీడాచరిత్రలో ఇటువంటి ఔదార్యం తరచుగా కనిపించదు. ఆ వేసవిలోనే ఆయన బ్రిటిష్ చాంపియన్ అయ్యారు. 1932లోనూ, 1933లోనూ మళ్లీ గెలిచారు. నాలుగుసార్లు పోటీ చేసి మూడుసార్లు!

1930-31 హేస్టింగ్స్ పోటీలో, తెల్లపావులతో 65 ఎత్తుల సుదీర్ఘమైన ఆటలో కాపాబ్లాంకాను ఓడించారు. ఓటమి ఎరుగనివాడన్న కీర్తి ఉన్న ఆ మాజీ ప్రపంచ విజేత సుల్తాన్ ఖాన్ విషయంలో ప్రతిభ అని సరిపెట్టక మేధ అన్న మాటే వాడారు. 1931లో టార్టకోవర్‌తో పన్నెండు ఆటల మ్యాచ్‌ను 6.5-5.5 తేడాతో గెలిచారు. అదే ఏడు ప్రాగ్ ఒలింపియాడ్‌లో రూబిన్‌స్టీన్‌నూ, ఫ్లోర్‌నూ ఓడించి, అప్పటి ప్రపంచ విజేత అలెఖిన్‌తో డ్రా చేసుకున్నారు.

ఇదంతా ఆరోగ్యవంతుడి కథ కాదు. మలేరియా ఆయనను పదేపదే పీడించింది. ఇంగ్లండు చలికాలం జలుబు, ఫ్లూ, గొంతునొప్పులను తెచ్చిపెట్టింది. మెడకు గుడ్డ చుట్టుకుని ఆటకు వచ్చేవారు. ఆనాడు మలేరియాకు చేతిలో ఉన్న ప్రధానమైన మందు క్వినైను. అది చలిజ్వరాన్ని అణచగలదు గాని, కొన్ని రకాల మలేరియాలో కాలేయంలో దాగిన క్రిమిని చంపలేదు. జ్వరం మళ్లీ ఎప్పుడు తిరగబెడుతుందో తెలియని మనిషి గంటల తరబడి బల్ల ముందు కూర్చోవడమంటే ఏమిటో పోటీ ఫలితాల పట్టికలు చెప్పవు.

1933 డిసెంబరులో సర్ ఉమర్ ఆయనను వెంటబెట్టుకుని స్వదేశానికి తిరిగివచ్చారు. అదే పరివారంలో ఉండి ఆ ఏడు బ్రిటిష్ మహిళల చాంపియన్‌షిప్ గెలిచిన మిస్ ఫాతిమా, తిరుగు ప్రయాణం ఆయనకు చెరసాల నుండి విడుదలలా ఉండిందని తరువాత చెప్పారు. 1935లో ఖాడిల్కర్‌తో ఆడిన మ్యాచ్‌లో పది ఆటలకు తొమ్మిదిన్నర పాయింట్లు సాధించారు. ఆపై ఆయన పేరు పోటీలలో వినిపించలేదు. ఐదేళ్లయినా నిండని అంతర్జాతీయ జీవితం అది.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1950లో తొలిసారిగా 27 మందికి అధికారికంగా గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రదానం చేసింది. రూబిన్‌స్టీన్ వంటి, అప్పటికే ఆట మానుకున్న వృద్ధులను కూడా పూర్వవైభవం చూసి గౌరవించింది. ఆ జాబితాలో టార్టకోవర్ ఉన్నారు, ఫ్లోర్ ఉన్నారు, నాటి విందు అతిథి ఫైన్ కూడా ఉన్నారు. సుల్తాన్ ఖాన్ లేరు. అప్పటికాయన సజీవులే. ఆ తరువాత మరో పదహారేళ్లు బ్రతికి, 1966లో సర్గోధాలో క్షయవ్యాధితో మరణించారు.

డేనియల్ కింగ్ 2020లో వెలువరించిన జీవితచరిత్ర ఉపశీర్షికలోనే ఆయనను భారతీయ సేవకుడు అంది. కుటుంబసభ్యులు దీనికి అభ్యంతరం చెప్పారు. తమది భూవసతి గల పీర్ల వంశమని, ఆయన సేవకుడూ కాడు, నిరక్షరాస్యుడూ కాడని వాదించారు. సర్ ఉమర్ ఇంట ఆయన స్థానమేమిటో ఫైన్ వంటి ఒక పూట అతిథి నిర్ణయించగలిగినది కాదు. ఆశ్రితుడు, కొలువులోని కళాకారుడు, నౌకరు అన్న మాటల మధ్య మన సంస్థానాలలో ఉన్న తేడాలు ఆంగ్లంలోని ఒక్క మాటలో ఇమడవు. పైగా చదువురాని నౌకరు ప్రపంచ విజేతలను ఓడించాడన్న కథ చెప్పుకోవడానికి మరీ రుచిగా ఉంటుంది. అనుమానించవలసినది ఆ రుచినే.

2024 ఫిబ్రవరిలో పాకిస్తాన్ పర్యటనకు వచ్చిన ఫిడే అధ్యక్షుడు ఆర్కడీ ద్వోర్కోవిచ్ ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించారు. పాకిస్తాన్‌కు అదే మొదటి గ్రాండ్‌మాస్టర్ బిరుదు. భారతదేశపు లెక్క 1988లో ఆనంద్‌తో మొదలవుతుంది. సుల్తాన్ ఖాన్ ఆడిన నాటికి పాకిస్తాన్ లేదు, ఒలింపియాడ్‌లలో ఆయన ఆడినదేమో ఇంగ్లండు పక్షాన. తన పిల్లలకు మాత్రం ఆయన చదరంగంలో శిక్షణ ఇవ్వలేదు. ఇంతకన్నా పనికివచ్చేదేదైనా చేయమని చెప్పేవారట.