నూరేళ్ళు బతికిన పశువైద్యుడు – సర్రా వ్యాధి కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పశుసంవర్థక శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన నాకు మైక్రోస్కోపు తప్ప మరొకటి తోచలేదు. రెవెన్యూలోనో, విద్యాశాఖలోనో పనిచేసి రిటైరైన మిత్రులకు, వారి కుటుంబసభ్యులకు కూడా అర్థమయ్యేటట్లు రాయడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక వానాకాలం ఉదయం, ఒకావిడ తన గేదెను ఆస్పత్రికి తోలుకొచ్చింది. జ్వరం వస్తోంది, పోతోంది, పాలు తగ్గాయి, మేత సరిగా ముట్టడం లేదు. చెవి నరం నుంచి రక్తం చుక్క తీసి, స్లైడు మీద వేసి చూశాను. ఏమీ కనబడలేదు. "ఏమీ లేదమ్మా, మామూలు జ్వరమే" అన్నాను. "మా చెరువు గట్టున జోరీగలు విపరీతంగా ఉన్నాయి బాబూ, వాటివల్లేమో" అందావిడ. నేను నవ్వి, జ్వరానికి మందిచ్చి పంపేశాను. మూడో రోజు ఆ గేదె గుండ్రంగా తిరుగుతూ, గోడకు తల కొట్టుకుంటూ పడిపోయి చచ్చిపోయిందని కబురు వచ్చింది. ఆ కుటుంబానికి ఆధారం ఆ ఒక్క గేదే.

మా డాక్టరుగారు నన్ను తిట్టలేదు. "అది సర్రా. గేదె రక్తంలో ఆ క్రిమి ఒకరోజు కనబడుతుంది, నాలుగు రోజులు దాక్కుంటుంది. ఒక్క స్లైడు చూసి లేదని చెప్పకూడదు" అని మాత్రం అన్నారు. ఆ తరువాత ఆయన టేబులు మీది పుస్తకంలో చదివినదే ఈ గ్రిఫిత్ ఇవాన్స్ కథ. నేను నవ్విన జోరీగల మాటను, నాకన్నా ఎనభై తొంభై ఏళ్ళ ముందే ఆయన తీసిపారేయకుండా ఆలోచించారని తెలిసి సిగ్గుపడ్డాను.

ఇవాన్స్ 1835లో వేల్స్ దేశంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. లండన్‌లో పశువైద్యం చదివి, బ్రిటిష్ సైన్యంలో ఫిరంగిదళం గుర్రాలకు వైద్యుడిగా చేరారు. 1861లో దళంతోపాటు కెనడా వెళ్ళారు. అక్కడ ఊరికే కూర్చోలేదు. ఉద్యోగం చేస్తూనే మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో మనుషుల వైద్యం కూడా చదివి 1864లో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతూంటే చూసి రావడానికి వెళ్ళి, అబ్రహాం లింకన్‌ను కలుసుకున్నారు. 1877లో భారతదేశానికి వచ్చారు.

1880లో ఆయనను పంజాబు సరిహద్దులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌కు పంపించారు. సింధునది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. అక్కడ సైన్యం గుర్రాలు, సామాన్లు మోసే ఒంటెలు సర్రా అనే జబ్బుతో చనిపోతున్నాయి. జ్వరం వచ్చి తగ్గేది, మళ్ళీ వచ్చేది. కాళ్ళు, పొట్ట కింద వాచేవి. మేత తింటూనే జంతువు ఎముకలగూడైపోయేది. అప్పట్లో సైన్యానికి గుర్రం, ఒంటె అంటే ఇప్పటి లారీలు, జీపుల లాంటివి. అందుకే కారణం తేల్చమని ప్రభుత్వం ఆయన్ని పంపింది.

ఇవాన్స్ జబ్బుపడ్డ గుర్రం రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. ఎర్రకణాల మధ్య పాము పిల్లలాగా మెలికలు తిరుగుతూ, కణాలను అటూ ఇటూ నెడుతూ ఈదుతున్న సూక్ష్మజీవులు కనబడ్డాయి. ఒకే ఒక కణంతో బతికే ఇలాంటి జీవులను ప్రోటోజోవా అంటాము. ఒంటెల రక్తంలోనూ అవే కనబడ్డాయి. ఆ రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న జంతువులకు ఎక్కిస్తే వాటికీ ఆ జబ్బే వచ్చింది, వాటి రక్తంలోనూ ఆ జీవులే తేలాయి. ఈ జబ్బుకు ఈ క్రిమే కారణమనీ, కుట్టే ఈగలు దీన్ని మోస్తూ ఉండవచ్చుననీ ఆయన నివేదిక రాసి పంపారు. ట్రిపనోసోమ్ జాతి క్రిమి ఒకటి జబ్బు తెస్తుందని ప్రపంచంలో మొదట చూపించినది ఈ పనే. సరిగ్గా అదే 1880 నవంబరులో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనికవైద్యుడు మలేరియా క్రిమిని మనిషి రక్తంలో మొదటిసారి చూశారు.

అయితే ఇవాన్స్ మాటను పెద్దలు ఒప్పుకోలేదు. కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే పేరున్న శాస్త్రజ్ఞుడు అంతకు రెండు మూడేళ్ళ ముందు ఎలుకల రక్తంలో ఇలాంటి జీవులనే చూశారు. ఆ ఎలుకలు హాయిగా తిరుగుతున్నాయి. కాబట్టి ఇవి హానిలేనివనీ, గుర్రాల్లో కనబడినంత మాత్రాన జబ్బుకు కారణం కానక్కరలేదనీ ఆయన అభిప్రాయం. వాదన వినడానికి సబబుగానే ఉంది. పైగా చెప్పినది పేరున్న శాస్త్రజ్ఞుడు. నివేదిక రాసిన ఇవాన్స్ గుర్రాల డాక్టరు. ఎవరి మాట చెల్లిందో వేరే చెప్పాలా?

1885లో బర్మాలో స్టీల్ అనే మరో పశువైద్యుడు కంచరగాడిదల్లో అదే క్రిమిని చూసి దానికి ఇవాన్స్ పేరు పెట్టారు. కాని దాన్ని వేరే జాతి కింద జమకట్టారు. తరువాతి వారు ఆ పొరపాటు సరిదిద్దాక 'ట్రిపనోసోమా ఇవాన్సై' అన్న పేరు స్థిరపడింది. ఇవాన్స్ 1890లో ఉద్యోగం నుంచి విరమించుకొని వేల్స్‌లోని బాంగర్ పట్టణంలో స్థిరపడ్డారు.

ఆయన మాట నిజమని లోకం నమ్మడానికి ఆఫ్రికా కారణమైంది. 1894లో డేవిడ్ బ్రూస్ అనే సైనికవైద్యుడు, ఆయన భార్య మేరీ, జులూలాండ్‌లో పశువులకు వచ్చే నగానా అనే జబ్బును పరిశోధించడానికి వెళ్ళారు. ఆ పశువుల రక్తంలోనూ ఇలాంటి క్రిమే దొరికింది. దాన్ని త్సెత్సె ఈగ మోస్తోందని బ్రూస్ తేల్చారు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. అడవిదున్నలు, జింకజాతి జంతువుల రక్తంలో అదే క్రిమి ఉంది, కాని వాటికి జబ్బు లేదు. లూయిస్ ఎలుకల చిక్కు అక్కడ విడిపోయింది. ఒక జంతువులో ఊరకే ఉన్న క్రిమి, మరో జంతువులోకి వెడితే ప్రాణం తీస్తుంది. తరతరాలుగా కలిసి బతికిన జంతువు దాన్ని ఓర్చుకుంటుంది, కొత్తగా తగిలిన జంతువు ఓర్చుకోలేదు.

ఈ జ్ఞానాన్ని మనుషులు వాడుకున్న తీరు మాత్రం బాధాకరం. అడవి జంతువుల్లో క్రిమి ఉంది కాబట్టి ఆ జంతువులనే లేకుండా చేద్దామని, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో జులూలాండ్‌లో వేలాది వన్యమృగాలను కాల్చి చంపారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక డీడీటీ చల్లి ఈగనే అదుపు చేసేదాకా ఆ వేట ఆగలేదు.

మన దేశంలో త్సెత్సె ఈగ లేదు. మరి సర్రా ఎలా వ్యాపిస్తోంది? ఆ పని చేసేది జోరీగ. 1901లో లియొనార్డ్ రోజర్స్ దీన్ని ప్రయోగం చేసి రుజువు చేశారు. జోరీగ కాటు నొప్పిగా ఉంటుంది కాబట్టి పశువు తోక విసిరి తోలేస్తుంది. సగం తాగిన ఈగ, తడి ఆరని మూతితో పక్క పశువు మీద వాలుతుంది. క్రిమి అలా మారుతుంది. ఆవులు, గేదెలు చాలావరకు పైకి బాగానే కనబడుతూ క్రిమిని మోస్తాయి. గుర్రం, ఒంటె, కుక్క తట్టుకోలేవు. ఒంట్లో క్రిమి ఎందుకు దాక్కుంటుందో కూడా తరువాత తెలిసింది. దాని ఒంటి మీద ప్రోటీను పూత ఒకటి ఉంటుంది. శరీరం దాన్ని గుర్తుపట్టి దాడి చేసే లోపల, కొన్ని క్రిములు చొక్కా మార్చినట్లు ఆ పూతను మార్చేస్తాయి. జ్వరం వచ్చి పోవడం, మళ్ళీ రావడం అందుకే. నా స్లైడులో కనబడకపోవడమూ అందుకే.

ఇది పాతకాలపు జబ్బు అనుకోకండి. 2000 సంవత్సరంలో భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్ జంతుప్రదర్శనశాలలో తెల్లపులులతో సహా పది పులులకు పైగా కొద్ది రోజుల్లోనే చనిపోయినప్పుడు, పరీక్షల్లో తేలినది ట్రిపనోసోమ్ జబ్బే. మాంసాహార జంతువులకు ఈగల వల్లనే కాక, జబ్బు పశువు పచ్చిమాంసం తినడం వల్ల కూడా ఇది రావచ్చు. 2004లో మన తెలంగాణ సరిహద్దున ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక పశువుల రైతుకు జ్వరం వచ్చి ఎంతకీ తగ్గలేదు. రక్తం చూస్తే ఇవాన్స్ క్రిమి! మామూలుగా మన రక్తంలోని ఒక ప్రోటీను దీన్ని చంపేస్తుంది, అందుకే ఇది మనుషుల జోలికి రాదు. ఆ రైతు రక్తంలో పుట్టుకతోనే ఆ ప్రోటీను లోపించిందని తరువాత కనుగొన్నారు. సురామిన్ అనే పాత మందుతో ఆయన కోలుకున్నారు.

ఇక ఇవాన్స్ సంగతి. ఆయన ఉద్యోగంలో ఉండగా దక్కని గౌరవం, రిటైరైన 27 ఏళ్ళకు, ఎనభై దాటాక దక్కింది. 1917లో లివర్‌పూల్ ఉష్ణమండల వైద్యవిద్యాలయం ఆయనకు మేరీ కింగ్‌స్లీ పతకం ఇచ్చింది. 1935 ఆగస్టులో నూరేళ్ళు నిండాయి. ఆ డిసెంబరులోనే కన్నుమూశారు. ఆయన్ను కాదన్న లూయిస్ ఆ నివేదిక వచ్చిన ఆరేళ్ళకే, నలభై అయిదేళ్ళయినా నిండకుండా మరణించారు. పాపం, తన పొరపాటు తెలుసుకునే అవకాశం ఆయనకు దొరకలేదు. ఆయన చూసినది తప్పు కాదు, ఎలుకల్లో ఆ క్రిమి నిజంగానే హాని చేయదు. ఎలుకలో చూసినది గుర్రానికి కూడా వర్తిస్తుందనుకోవడమే పొరపాటు.

నేను చేసినదీ అటువంటిదే. ఆనాటి తరువాత సర్వీసులో ఉన్నంతకాలం, జ్వరంతో గేదె వస్తే మూడు రోజులు వరసగా రక్తం చూడకుండా లేదని రాయలేదు. తోలుకొచ్చిన మనిషి ఏమంటున్నారో కూడా రిజిస్టరులో రాసేవాణ్ణి. మన ఇళ్ళల్లో ఇప్పటికీ పాడి ఉన్నవారు, పల్లెల్లో బంధువులున్నవారు ఒక్క మాట గుర్తుంచుకోండి. వానలు పడి జోరీగలు ముసిరే రోజుల్లో పశువుకు జ్వరం వచ్చి తగ్గి మళ్ళీ వస్తే, ఒక్క పరీక్షతో ఊరుకోకండి. దీనికి మందులున్నాయి. సమయానికి ఇస్తే పశువు బతుకుతుంది.