గూగుల్‌లో దొరకని గోండు భూముల చరిత్ర లైబ్రరీలో ఎక్కడుంది?

"అన్నా, ఆదివాసీ భూముల మీద ప్రాజెక్ట్ ఇచ్చారు, గూగుల్‌లో అన్నీ ఒకే పేరా తిప్పి తిప్పి రాసినవే వస్తున్నాయి" అని ఒక ఎం.ఎస్.డబ్ల్యూ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అతని కోసమే ఈ ఎపిసోడ్.

1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీంని చంపేశారు. ఆ తర్వాత, గోండులు అసలెందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని ఆదిలాబాద్ పంపింది. ఈయన ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆంత్రోపాలజిస్ట్. యుద్ధం వల్ల బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి, అందుకే హైదరాబాద్ రాజ్యం దాటి పోనివ్వలేదు. విచిత్రం కదా, ఆ ఆంక్ష వల్లే మనకింత సమాచారం మిగిలింది!

భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నాడు. అక్కడ చూసిందేంటంటే, అడవిని రిజర్వ్ చేసి గోండుల్ని ఖాళీ చేయిస్తున్నారు. దున్నేది గోండు, కాగితం మాత్రం ఇంకొకడి పేరు మీద. ఆయన రిపోర్టుల తర్వాత చాలా కుటుంబాలకి పట్టాలొచ్చాయి, 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకి ట్రైనింగ్ సెంటర్ పెట్టారు. ఆ రిపోర్టులు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో అచ్చయ్యాయి.

ఇక్కడితో ఆగితే కథ సుఖాంతం. కానీ 1982లో ఆయనదే 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' వచ్చింది. మళ్లీ అవే ఊళ్లకి వెళ్లి చూస్తే, చాలా భూమి తిరిగి బయటివాళ్ల చేతుల్లోకి పోయింది. మధ్యలో 1970లో 1/70 చట్టం వచ్చినా సరే. నా దృష్టిలో ప్రాజెక్ట్ అంటే ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవడమే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఆయన సర్కారు పంపిన మనిషి. గోండుల మాట మనకి ఆయన కలం గుండానే వస్తుంది.

ఇప్పుడు వెతికే పని. లైబ్రరీ కేటలాగ్‌లో హైమన్‌డార్ఫ్ అని కొడితే ఒక్కోసారి రాదు. ఇంటిపేరు ఫ్యూరర్‌తో మొదలవుతుంది, కాబట్టి ఎఫ్ అక్షరం కింద చూడండి. తెలంగాణ అని కాదు, హైదరాబాద్ స్టేట్ అని వెతకండి. ఆసిఫాబాద్ ఊళ్లకి ఆదిలాబాద్ జిల్లా అని కూడా కొట్టండి. గవర్నమెంట్ పబ్లికేషన్స్ సెక్షన్ ఉంటే 1961 సెన్సస్ గ్రామ సర్వే పుస్తకాలు అడగండి, చాలామంది వాటిని ముట్టుకోరు. పీహెచ్‌డీ థీసిస్‌లైతే శోధ్‌గంగాలో ఫ్రీ. 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'ని కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ ఆన్‌లైన్‌లో పూర్తిగా పెట్టింది, ఫోన్‌లోనే చదువుకోవచ్చు.

లండన్‌లోని సోయాస్ లైబ్రరీ ఆయన తీసిన ఫోటోల్ని కూడా డిజిటైజ్ చేసింది. మీది ఆ ప్రాంతమైతే వాటిని ఫోన్‌లో పెద్దవాళ్లకి చూపించండి. కేటలాగ్‌లో ఉత్త "గోండు మనిషి" అని ఉన్నాయన పేరు మీ తాతకి తెలిసి ఉండొచ్చు.