ఉత్తరాంధ్ర తెప్ప: కర్ర నుంచి ఫైబర్ దాకా

తెప్ప ఉత్తరాంధ్ర తీరంలో చేపల వేటకు వాడే చిన్న నావ. అనంతగిరి కొండల్లో పుట్టి తగరపువలస మీదుగా పారే గోస్తని భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ చుట్టుపక్కల ముక్కాం, చేపలుప్పాడ, మంగమారిపేట లాంటి ఊళ్లలో జాలారి, వాడబలిజ కుటుంబాలకు తెప్పే జీవనాధారం. ఈ ఊళ్ల దగ్గర రేవు లేదు. ఇసుక మీంచే దిగాలి, ఇసుక మీదికే ఎక్కాలి. అందువల్ల తెప్ప మంచిచెడ్డలు తేలేది నడిసముద్రంలో కాదు, ఒడ్డు పక్కన కెరటాలు విరిగే కొద్దిపాటి మేరలో. దేనితో కట్టారన్నది అక్కడ ప్రాణాల మీది లెక్క.

కర్ర తెప్పకు గుల్ల ఉండదు. చెక్కిన దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించేవారు. ముందు కొసను పైకి వంగేలా మలిచేవారు. కెరటం మీద పడినా తోడిపోయాల్సిన పని లేదు, వచ్చిన నీరు సందుల్లోంచే పోతుంది. తిరగబడినా తేలుతూనే ఉంటుంది. తేలే శక్తి అంతా కర్రదే కాబట్టి కర్ర ఎంపికే అసలు నేర్పు. ఘనమీటరు సముద్రపు నీరు సుమారు 1,025 కిలోలు. ఆరిన టేకు అదే కొలతకు 650 కిలోల దాకా తూగుతుంది, అంటే టేకు దుంగ మూడింట రెండు వంతుల దాకా నీటిలోనే ఉంటుంది. 400 కిలోలు తూగే మెత్తకర్ర అయితే ఐదింట రెండు వంతులే మునుగుతుంది. మిగిలినదంతా మనుషులను, వలలను, పడిన చేపను మోయడానికి పనికొస్తుంది. అయితే ఆ మెత్తదనమే నీటిని పీల్చుకుంటుంది. నానిన తెప్ప బరువెక్కి, లోతుగా దిగి, తెరచాపకు మందకొడిగా కదులుతుంది. అందుకే ఒడ్డు చేరాక కట్లు విప్పి దుంగలను ఎండకు ఆరబెట్టేవారు.

మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1920లో భారతీయ పడవల మీద ప్రచురించిన అధ్యయనంలో గంజాం, విశాఖ తీరాల తెప్పలను తమిళనాటి కట్టుమరాల నుంచి వేరుగా గుర్తించాడు. ఇక్కడి తెప్పలకు పక్క పలకలు నిలబెట్టి పడవ పోలిక తెచ్చేవారు. కెరటం తాకిడిని ఆ పలకలు కొంత ఆపేవి.

ఇదే తీరంలో సరుకు మోసిన మసూలా పడవది మరో దారి. భీమునిపట్నం 1825లో డచ్చివారి నుంచి ఇంగ్లీషు కంపెనీకి దక్కిన రేవు పట్టణం, కానీ ఓడలు అక్కడా ఒడ్డుకు దూరంగానే లంగరు వేసేవి. ఓడకూ ఒడ్డుకూ మధ్య తిరిగిన మసూలాలో మేకు లేదు, లోపల పక్కటెముకల్లాంటి చట్రమూ లేదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఇసుకకు కొట్టుకున్నప్పుడు మేకులు కొట్టిన గట్టి పడవ పగిలేది; కుట్టు పడవ మాత్రం వంగి, దెబ్బను ఒళ్లంతా పంచుకుని నిలిచేది. కుట్ల సందుల్లోంచి నీరు ఊరేది, తోడేందుకు ఒక మనిషి ఉండాల్సిందే. 1933లో విశాఖపట్నం నౌకాశ్రయం ప్రారంభమయ్యాక ఓడలకు, మసూలాలకు ఉన్న బంధం క్రమంగా తెగింది.

కర్రను పక్కకు నెట్టిన అసలు కారణం కెరటం కాదు, ఇంజను. తాళ్ల కట్టు వదులుగా కదలడం కెరటాల్లో మేలే. కానీ ఇంజను అదురుకు అదే కట్టు సడలుతుంది, బరువంతా వెనక ఒక్కచోట పడుతుంది, దుంగల మధ్య సందులు వేగాన్ని తినేస్తాయి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాతం కార్యక్రమం తూర్పు తీరం కోసం ఒడ్డుకెక్కే బోట్లను రూపొందించింది. ఫైబర్‌తో చేసిన ఆ నమూనాల్లో ఇసుక తగిలినప్పుడు పంకాను పైకి ఎత్తుకునే ఏర్పాటు ఉండేది. 1980ల్లో కన్యాకుమారి జిల్లా ముట్టంలో ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, అతుకుల మీద రెజిన్ పూసి పడవలు కట్టారు. పాత కుట్టు పడవ పద్ధతి కొత్త సరుకుతో తిరిగొచ్చిందన్నమాట. ఉత్తరాంధ్రలో మాత్రం చివరికి నిలిచింది ఫైబరే. 2004 సునామీ తర్వాత పంచిన బోట్లతో తూర్పు తీరమంతా దాని వాడకం ఇంకా పెరిగింది.

ఫైబర్ తెప్ప తయారీ చూడటానికి తేలిక. అచ్చుకు మైనం రాసి, పైన జెల్‌కోట్ పూస్తారు. అది కాస్త గట్టిపడ్డాక గాజునార మ్యాట్ పరిచి, హార్డనర్ కలిపిన పాలియెస్టర్ రెజిన్‌ను బ్రష్‌తో అద్ది, రోలర్‌తో గాలి బుడగలు నెడతారు. మళ్లీ మ్యాట్, మళ్లీ రెజిన్. విశాఖ వేసవిలో రెజిన్ డబ్బాలోనే బిగుసుకుపోతుంది కనుక హార్డనర్ తగ్గించాలి. గాలిలో తేమ ఎక్కువైతే పొరలు సరిగా పట్టవు. రెజిన్ ఎక్కువ పోసిన చోట బరువు పెరుగుతుంది తప్ప బలం పెరగదు. నారకు తడి చాలని చోట నీరు దూరి, కొన్నాళ్లకు పొక్కులు లేస్తాయి. ఒకే అచ్చులో పోసిన రెండు తెప్పలు సముద్రంలో రెండు తీరులుగా నడవడానికి కారణం చాలావరకు ఈ చేతిపనే.

ఫైబర్ కర్రకన్నా గట్టిదనే మాట సగమే నిజం. మ్యాట్‌తో చేసిన ఫైబర్ పలకను అంతే మందం ఉన్న టేకు పలకతో పోలిస్తే, నార వెంబడి టేకే తక్కువ వంగుతుంది. పైగా ఫైబర్ నీటికన్నా బరువైనది, చిల్లుపడి నీరు నిండితే మునిగిపోతుంది. ఈ రెండు లోపాలకూ మందు ఒక్కటే: అడుగు పొరకూ పై పొరకూ మధ్య థర్మోకోల్ నింపడం. పలక మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. పొరలను దూరంగా పట్టి ఉంచే తేలిక సరుకు లోపల ఉంటే బరువు పెద్దగా పెరగకుండానే ఆ లాభం దక్కుతుంది, తేలే శక్తీ మిగులుతుంది.

రుషికొండలో కనిపించే సర్ఫ్‌బోర్డు లోపలి నిర్మాణమూ ఇదే. హవాయిలో కర్రతో మొదలైన ఆ పలక 1940ల్లో గాజునారను తొడుక్కుంది, 1950ల చివరికి దాని గుండె పాలియురేథేన్ నురగగా మారింది. మంచు మీది స్నోబోర్డు మాత్రం కర్రను వదలలేదు. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ రెండు స్కీలను జతచేసి చేసిన ఆటవస్తువు నుంచి 1998 నగానో ఒలింపిక్స్ పోటీల దాకా ఎదిగిన ఆ బోర్డులో ఇప్పటికీ ఎక్కువగా పాప్లర్ లాంటి చెక్కే నడుమ ఉంటుంది. పైనా కిందా గాజునార, అడుగున పాలిథిలీన్, అంచుకు ఉక్కు. మలుపులో వంగి మళ్లీ తన్నుకొచ్చే గుణం చెక్కకు ఉంది, అదురునూ కొంత అణుస్తుంది. పందెపు బోర్డుల్లో టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రలోహపు రేకు చేర్చి, గడ్డకట్టిన మంచు మీద అదురును ఇంకా తగ్గిస్తారు. మంచు మీద వంగడమే పని కాబట్టి అక్కడ కర్ర మిగిలింది. తెప్పకు ఇంజను మోయడం, నీరు పీల్చకపోవడం ముఖ్యమయ్యాయి, ఇక్కడ కర్ర పోయింది.

కర్ర తెప్పకూ ఫైబర్ తెప్పకూ వాడకంలో తేడా పెద్దదే. ఫైబర్ నున్నటి అడుగు నీటి ఒరిపిడిని తగ్గిస్తుంది. బయటి ఇంజను తోడైతే రెండు కెరటాల మధ్య దొరికే సందులోనే తెప్ప దాటిపోగలదు. కర్ర తెప్ప మీద అదే దాటుకు తెడ్ల బలం, కెరటాల వరసను చదివే అనుభవం కావాలి. మరోవైపు, దుంగలుగా విప్పి మోసుకుపోయే వీలు ఫైబర్ తెప్పకు లేదు. దాన్ని ఒడ్డెక్కించడానికి ఎక్కువ చేతులు, కొన్ని చోట్ల ట్రాక్టరు కావాలి. ప్రతి లాగుడుకూ ఇసుక అడుగు పొరను అరగదీస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలంలో అరిగిన మేర గీకి, ఎండనిచ్చి, కొత్త మ్యాట్ అతికిస్తారు. లోపలి థర్మోకోల్ నానితే మాత్రం అతుకులతో పని జరగదు, పై పొర కోయాల్సిందే.

పాత దుంగ పొయ్యిలోకి పనికొచ్చేది. బిగుసుకున్న పాలియెస్టర్ మళ్లీ కరగదు, అచ్చులో పోయడానికి పనికిరాదు. కాలిస్తే విషపు పొగ వస్తుంది. పాడైన ఫైబర్ తెప్ప నుంచి ఇంజను విప్పుకున్నాక మిగిలే గుల్లకు కొనేవాడు దొరకడం కష్టం.