అరుగు నుంచి డాబాకు: సైగాన్ హోటళ్లలో పరదేశీయుల విందు

తెలుగునాట హోటల్ అనగానే బస కంటే ముందు భోజనమే స్ఫురిస్తుంది. వియత్నాంలోని సైగాన్ నగరంలో స్థిరపడిన పరదేశీయులకు కూడా హోటల్ ప్రధానంగా సాయంకాలపు కూడలిగానే ఉండేది. ఆ కూడలి వీధి అరుగు మీద మొదలై కాలక్రమంలో డాబా మీదికి చేరిన వైనంలో ఆ నగరపు వలస పాలన, యుద్ధాల చరిత్ర చాలావరకు ఇమిడి ఉంది.

1859లో సైగాన్‌ను పట్టుకున్న ఫ్రెంచివారు, ఆ దాడుల్లో పాల్గొన్న ఒక యుద్ధనౌక పేరిట నగరపు ప్రధాన వీధిని కాటినా అని పిలిచారు. 1880లో ఆ వీధిలో వెలసిన కాంటినెంటల్ హోటల్‌కు దారి వైపు తెరిచిన విశాలమైన వసారా ఉండేది. ఎండ చల్లారాక అధికారులు, వర్తకులు, తోటల యజమానులు అక్కడ చేరి, భోజనానికి ముందు ఆకలి పుట్టించేందుకు తాగే మద్యాన్ని సేవిస్తూ వచ్చేపోయేవారిని చూసేవారు, వారికి కనబడేవారు. చైనా సంతతికి చెందిన సంపన్నుడు హుయ్ బోన్ హోవా 1925లో అదే వీధి చివర, నది ఒడ్డున, మజెస్టిక్ హోటల్‌ను కట్టించడంతో ఆ వేడుకకు నదిగాలి కూడా తోడైంది.

1946లో ఫ్రెంచివారికీ వియత్‌మిన్ అనే స్వాతంత్ర్య సమరకూటమికీ మధ్య యుద్ధం మొదలయ్యాక వీధికి ఎదురుగా కూర్చోవడమే ప్రమాదకరమైంది. చేతిబాంబులు లోపలికి పడకుండా కాటినా వీధి హోటళ్లు, కాఫీశాలలు ముందు భాగాన ఇనుప వల బిగించుకోవలసి వచ్చింది. గ్రాహం గ్రీన్ 1955లో వెలువరించిన 'ది క్వైట్ అమెరికన్' నవలకు నేపథ్యం ఈ భయం నీడన నడిచిన నగర జీవితమే.

1954లో ఫ్రెంచి పాలన ముగిసి, తూ దో, అంటే స్వేచ్ఛ, అనే కొత్త పేరు పొందిన ఆ వీధిలోనే 1959 క్రిస్మస్ ముందురోజు పది అంతస్తుల కారవెల్ హోటల్ ప్రారంభమైంది. లిఫ్టు, శీతలీకరణ, సొంత విద్యుత్ జనరేటరు ఉన్న ఆ భవనంలో, మెట్లెక్కే శ్రమ లేకుండా, ఊరు చీకట్లో ఉన్నా దీపాల వెలుగులో, పై అంతస్తున విందు సాధ్యమైంది. 1960 ఏప్రిల్‌లో పద్దెనిమిది మంది రాజకీయ ప్రముఖులు దక్షిణ వియత్నాం అధ్యక్షుడు న్గో దిన్ దియెమ్ పాలనలో సంస్కరణలు కోరుతూ ఒక ప్రకటనను ఈ హోటల్‌లోనే విడుదల చేయగా, అది కారవెల్ ప్రకటనగా ప్రసిద్ధికెక్కింది. కారవెల్‌కు సమీపంలో, ఫ్రెంచి కాలపు మోటారుకార్ల విక్రయశాలను మార్చి కట్టిన రెక్స్ హోటల్, కమ్యూనిస్టులతో యుద్ధంలో దక్షిణ వియత్నాంకు తోడుగా వచ్చిన అమెరికన్ సైనికాధికారుల వసతిగృహంగా మారింది. దాని డాబా వారి భోజనశాల అయింది.

డాబా వైపు ఈ మొగ్గుకు చల్లగాలి ఒక్కటే కారణం కాదు. 1965 జూన్ 25న నదిపై తేలే మీ కాన్ భోజనశాల వద్ద జరిగిన పేలుళ్లలో పలువురు మరణించాక, వీధికి, రేవుకు దూరంగా ఉన్న ఎత్తు ఒక రక్షణగా తోచింది. అయితే అంతకు ముందు ఏడాది ఆగస్టులో కారవెల్ అయిదో అంతస్తులోనే బాంబు పేలిందన్నది గుర్తుంచుకుంటే, ఆ రక్షణ ఎంత పాక్షికమో తెలుస్తుంది. అమెరికన్ సైన్యం రోజూ సాయంత్రం ఇచ్చే వివరణను 'అయిదు గంటల ప్రహసనం' అని ఎగతాళి చేసిన విలేకరులే, ఆ తర్వాత డాబా చేరి, నది అవతల పారాచూట్లకు వేలాడుతూ మండే వెలుగు గుండ్లను భోజనపు బల్ల దగ్గరి నుంచే చూసేవారు. అరుగు మీద కూర్చున్న పరదేశి ఊరిలో ఒక భాగంగా కనిపిస్తే, డాబా ఎక్కినవాడు ఊరికి ప్రేక్షకుడయ్యాడు. ఆ రెంటినీ కలిపే తీగగా, పళ్లేలు మోసుకుంటూ పైకీ కిందికీ తిరిగే స్థానిక పరిచారకులు మిగిలారు.

1975లో యుద్ధం ముగిశాక వీధి మరోసారి పేరు మార్చుకుని, ప్రజల తిరుగుబాటు అనే అర్థంలో, దోంగ్ ఖోయ్ అయింది. కారవెల్ దోక్ లాప్‌గా, అంటే స్వాతంత్ర్యంగా, ప్రభుత్వ యాజమాన్యంలోకి వెళ్లింది. 1986లో మొదలైన 'దోయ్ మోయ్' అనే ఆర్థిక సంస్కరణలు విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచాక, 1998లో అది పాత పేరుతో, పాత కట్టడం పక్కనే లేచిన ఇరవై నాలుగు అంతస్తుల కొత్త భాగంతో తిరిగి తెరుచుకుంది. 2010లో పూర్తయిన 262 మీటర్ల బిటెక్స్‌కో భవనం వంటివి లేచిన నగరంలో, యుద్ధకాలపు డాబా మీద కూర్చున్నవారు ఇప్పుడు చుట్టుపక్కల కట్టడాలను చూడాలంటే తల పైకెత్తవలసిందే.