ఇంటి కంప్యూటరునకు మెమరీ పెంచవలెనా?



నిజామాబాదు పట్టణమునందును, బోధను చుట్టుప్రక్కల పల్లెలయందును ఈనాడు కంప్యూటరు లేని వీధి యరుదు. పిల్లల పాఠములు, కొట్టు లెక్కలు, భూముల కాగితములు చాలవరకు దానిమీదనే సాగుచున్నవి. అట్టి యంత్రము కొని నాలుగైదేండ్లు గడచుసరికి మందగించును. మీట నొక్కి, పొయ్యి వెలిగించి, టీ కాచుకొని వచ్చినను తెర యింకను సిద్ధము కాదు. అప్పుడు ఎవరి నడిగినను వచ్చు సలహా యొకటే: "మెమరీ వేయించండి." వేయింపవలెనా, వద్దా యన్నది చిన్న ప్రశ్నగనే తోచును. కాని సామాన్య కుటుంబమునకు కొన్ని వేల రూపాయల వ్యయము చిన్నది కాదు. ఈ ప్రశ్నకు జవాబు దుకాణమునందుకంటె చరిత్రలో స్పష్టముగా దొరకును. కాన ఆ చరిత్రను కొంత మీతో ముచ్చటింతును.

ముందుగా మెమరీ యననేమో తెలిసికొందము. వెనుకటి పట్వారిని తలచుకొనుడు. అతని వెనుక దస్తరముల పెట్టె, ఎదుట చిన్న వ్రాతబల్ల యుండెడివి. ఊరి లెక్క లన్నియు పెట్టెలో భద్రముగా నుండును. పని చేయునపుడు మాత్రము కావలసిన కాగితములను బల్లమీదికి తీసికొనును. కంప్యూటరులోని హార్డు డిస్కు ఆ పెట్టె వంటిది. మెమరీ, అనగా ర్యామ్, ఆ బల్ల వంటిది. కరెంటు పోయిన బల్లమీది దంతయు తుడిచికొనిపోవును, పెట్టెలోనిది నిలుచును. మెమరీ పెంచుట యనగా బల్లను వెడల్పు చేయుటయే గాని, పెట్టెను పెద్దది చేయుట కాదు.

ఇట్టి బల్ల మొదట ఎంత యిరుకైనదో చూడుడు. 1948వ సంవత్సరము జూన్ 21వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఒక ఎలెక్ట్రానిక్ యంత్రము, తన మెమరీలో నిలుపుకొన్న ప్రోగ్రామును నడపి చూపెను. అట్టి యంత్రములలో అదియే మొదటిది. దాని మెమరీ 32 పదములు, పదమునకు 32 బిట్లు. వెరసి 1024 బిట్లు, అనగా 128 బైట్లు. నేటి యూనికోడు లెక్కలో తెలుగు సంకేత మొక్కొక్కటికి సాధారణముగా 3 బైట్లు పట్టును. ఆ యంత్రపు మెమరీ యంతయు మన భాషలో ఒక చిన్న వాక్యమునకు సరిపోవునన్న మాట.

తరువాత 1953లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థయందు జే ఫారెస్టరు, అతని సహచరులు వర్ల్‌విండ్ అను యంత్రమునకు అయస్కాంత వలయముల మెమరీని అమర్చిరి. సన్నని పూసలవంటి ఫెర్రైటు వలయములు, వానిగుండ తీగెలు. వలయమునకు ఒక బిట్టు. అయస్కాంతత్వము ఒక దిక్కునకు తిరిగిన ఒకటి, మరియొక దిక్కునకు తిరిగిన సున్న. పూసలు గ్రుచ్చునట్లు ఆ తీగెలను ఓపికతో గ్రుచ్చవలసి యుండెను.

మన దేశమున 1956లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునందు పనిచేయ నారంభించిన విదేశీయంత్రమున మెమరీ ఒక తిరుగుడు డ్రమ్ముమీద నుండెను. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు స్వయముగా నిర్మించి 1960లో నడపిన టిఫ్రాక్ అను యంత్రమున వలయముల మెమరీ 2048 పదములు, పదమునకు 40 బిట్లు. లెక్కవేసిన అది 10 కిలోబైట్లు. నేడు మన చేతిలోని ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమైనను అందు పట్టదు. అయినను శాస్త్రజ్ఞులు దానితోనే సంవత్సరములకొలది గణితము చేసిరి.

ఇంక మన హైదరాబాదు సంగతి. 1967లో అణుశక్తి శాఖ క్రింద అక్కడ ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడెను. దాని స్థాపకులు అయ్యగారి సాంబశివరావుగారు, గోదావరి జిల్లానుండి వచ్చిన తెలుగువారు. 1969లో ఆ సంస్థ టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను. 1970ల దశాబ్దమున టి.డి.సి.-312, టి.డి.సి.-316 అనునవి వచ్చినవి. ఆ కాలమున మెమరీ బంగారము వంటిది. చాలకపోయినచో కొనుటకు అంగడి లేదు. కావున ప్రోగ్రాము వ్రాయువాడు తన ప్రోగ్రామునే కుదించుకొనెడివాడు.

ఈ స్థితిని మార్చినది సిలికాను. ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్టు డెన్నార్డు ఒక్క ట్రాన్సిస్టరుతో ఒక బిట్టును నిలుపు ఉపాయమును కనిపెట్టి 1968లో పేటెంటు పొందెను. బిట్టును నిలుపు విద్యుత్తు అందు ఓటికుండలో నీటివలె కారిపోవుచునే యుండును. సెకనులో పదవవంతైనను గడువకమునుపే మరల నింపుచుండవలెను. 1970లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 1103 అను చిప్పునందు 1024 బిట్లు ఇమిడినవి. మాంచెస్టరు యంత్రపు మెమరీ యంతయు ఇరువదిరెండేండ్లలో వ్రేలిగోరంత తునకలో నిమిడెను. నాటినుండి మెమరీ చౌకయగుచు వచ్చెను.

చౌకయైనకొలది ఆకలియు పెరిగెను. 1981లో ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరు కనీసము 16 కిలోబైట్ల మెమరీతో వచ్చెను. మైక్రోసాఫ్టువారి విండోసునకు 1995లో కనీసము 4 మెగాబైట్లు కావలసెను. 2001లోని ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు, 2009లోని విండోస్ 7నకు 1 గిగాబైటు, 2021లోని విండోస్ 11నకు 4 గిగాబైట్లు. 1995నుండి 2021వరకు ఇరువదియారేండ్లలో కనీసావసరము వేయిరెట్లు దాటినది. మనము వ్రాయు ఉత్తరము వేయిరెట్లు పెరిగెనా? లేదు. స్థలము దొరకినకొలది ప్రోగ్రాములు విస్తరించినవి.

ఈ ధర్మము మన ప్రాంతీయులకు క్రొత్త కాదు. మంజీరానదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరుగారి ఆధ్వర్యమున 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరమును చూడుడు. సుమారు 2 లక్షల 75 వేల ఎకరముల ఆయకట్టునకై దానిని కట్టిరి. నీరు వచ్చినది, నీటివెంట వరి, చెరకు విరివిగా వచ్చినవి. 1937లో స్థాపితమై 2015లో మూతపడిన బోధను చక్కెర కర్మాగారము ఆ నీటి మీదనే వెలసినది. నీరున్నచోట నీరు త్రాగు పైరు పెరుగును. మెమరీ యున్నచోట మెమరీ త్రాగు ప్రోగ్రాము పెరుగును. అది తప్పనుట లేదు. దేనికొరకు త్రాగుచున్నదో ఎరుగవలెనని మాత్రమే నా మనవి.

మెమరీ చాలనపుడు యంత్రము ఆగిపోక, మందగించుట ఎందుకు? ఇందునకు కారణము మరల మాంచెస్టరులోనే పుట్టినది. 1962లో అచ్చట నడచిన అట్లాస్ అను కంప్యూటరు, బల్లమీద చోటు చాలనపుడు కొన్ని పుటలను తానే డ్రమ్ముమీదికి పంపి, అవసరమైనపుడు మరల తెచ్చుకొనెడిది. నేటి కంప్యూటరు లన్నియు డిస్కుతో ఇదే పని చేయుచున్నవి. మితముగా జరిగినంతవరకు ఇది మేలైన ఏర్పాటు. మితి మీరిన, తెచ్చిన పుటను చదువకమునుపే వెనుకకు పంపి, పంపినదానినే మరల తెచ్చుకొనవలసి వచ్చును. అప్పుడు యంత్రపు కాలమంతయు రాకపోకలకే సరి. 1968లో పీటర్ డెన్నింగు అను పండితుడు ఈ దురవస్థను శాస్త్రీయముగా వివరించి, ఏ పనికైనను ఒక సమయమున ఎదుట నుండవలసిన పుటల సముదాయ మొకటి కలదనియు, అది మెమరీలో పట్టినచో చాలుననియు చూపెను. మెమరీనుండి ఒక అంశమును తెచ్చుటకు సెకనులో కోటివంతు పట్టిన, తిరుగుడు డిస్కునుండి తెచ్చుటకు నూరవవంతు పట్టును. అనగా లక్షరెట్ల భేదము. అరచేతిలోని వస్తువును వదలి ఆరు దినముల ప్రయాణమున కేగినట్లుండును.

అయితే మందగించిన ప్రతి యంత్రమునకును రోగ మిదియే కాదు. నిజాంసాగరపు పిమ్మటి చరిత్ర ఇచ్చట మనకు అక్కరకు వచ్చును. మొదట దాని నిల్వ సుమారు 29.7 శతకోటి ఘనపుటడుగులు. కట్టినవారు ఊహించినదానికంటె ఎన్నో రెట్లు ఒండ్రు వచ్చి చేరుటచే, 1970ల నాటికి నిల్వ సగమునకంటె తక్కువయ్యెను. అంత పెద్ద జలాశయపు పూడికను తవ్విపోయుట సాధ్యము గాక, నీటిమట్టమును 1405 అడుగులకు పెంచిరి. నిల్వ సుమారు 17.8 శతకోటి ఘనపుటడుగు లయ్యెను. తరువాత 1980ల దశాబ్దమున అదే నదిపై ఎగువను సింగూరు జలాశయము వెలసి, హైదరాబాదు దాహము తీర్చసాగెను. దిగువకు వచ్చు నీరు తగ్గెను. ఇచ్చట మూడు వేర్వేరు సంగతులున్నవి: పూడిక యొకటి, పాత్ర చాలకపోవుట యొకటి, ఎగువనుండి ధార తగ్గుట యొకటి. కట్ట ఎత్తు పెంచుట రెండవదానికి మందు. మూడవదానికి కాదు.

కంప్యూటరునందును ఈ మూడే. తెలియకయే తమంతట తాము మేల్కొను ప్రోగ్రాములు పూడిక. పనికి తగినంత లేని మెమరీ చిన్న పాత్ర. పాత తిరుగుడు డిస్కు సన్నని ధార. అయితే ఒక్క సౌఖ్యము కలదు. కంప్యూటరు పూడిక నిజాంసాగరపు పూడిక వంటిది కాదు, ఊరి చెరువు పూడిక వంటిది. ఒక్క సాయంకాలము కూర్చుండి పైసా ఖర్చు లేక తీయవచ్చును.

మా యింటి యంత్రము ఎనిమిదేండ్లనాటిది. మెమరీ 4 గిగాబైట్లు, తిరుగుడు డిస్కు. మా అమ్మాయి ప్రవేశపరీక్షకు దానిమీదనే చదువుచున్నది. పరీక్ష దగ్గరపడెను, పాఠము నడుమ తెర బిగిసిపోవుచుండెను. మాకు ఒక్క మార్పునకే పైక మున్నది. కావున కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను కలిపి నొక్కి, తెరచుకొను పట్టికను వేరువేరు వేళల చూచి వ్రాసికొంటిని. ఉదయము యంత్రము మేల్కొనునపుడు మెమరీలో చోటున్నది. డిస్కుమాత్రము నూటికి నూరుపాళ్లు పనిలో మునిగియున్నది. అది ధార తక్కువగుట. ఒక్క ఉత్తరము వ్రాయునపుడు ఏ బాధయు లేదు. సాయంకాలము పాఠపు దృశ్యము, ప్రశ్నపత్రములు, నిఘంటువు అన్నియు తెరచినపుడు మెమరీ అంచువరకు నిండినది, డిస్కు మరల నూటికి నూరైనది. డెన్నింగు చెప్పిన రాకపోక లివియే.

మొదట పూడిక తీసితిని. అక్కరలేని ఏడు ప్రోగ్రాములను మేల్కొనకుండ చేయగా ఉదయపు నిరీక్షణ కొంత తగ్గెను. సాయంకాలపు బాధ తగ్గలేదు. డిస్కు మార్చి ఎస్.ఎస్.డి. వేయించిన రెండు వేళలును కొంత మెరుగగునని ఎరుగుదును. కాని ఉదయపు ఆలస్యము దినమున కొకమారు, సాయంకాలపుది నిమిషమున కొకమారు. అమ్మాయి పని సాయంకాలమున నున్నది. కావున మెమరీకే ఓటు వేసితిమి, మరి నాలుగు గిగాబైట్లు మాత్రమే. ఇప్పుడు పాఠము నడచునపుడు ఎనిమిదింట అయిదున్నర నిండుచున్నవి. డిస్కు నిదానముగా నున్నది. పదునారు కొనియున్నచో మిగిలినది పైరు లేని పొలమునకు కాలువ త్రవ్వినట్లగును.

కొనబోవువారు మరి కొన్ని సంగతులు చూచుకొనవలెను. డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అను జాతులు ఒకదాని గాడిలో మరియొకటి కూర్చుండవు. కొన్ని పలుచని లాప్‌టాపులలో మెమరీ అతికియే యుండును, పెంచుటకు వీలు లేదు. 32 బిట్ల విండోసు వాడువారి కంప్యూటరు సాధారణముగా 4 గిగాబైట్లకు మించి వినియోగింపలేదు. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసెను. కావున క్రొత్తదానికి మారజాలని పాత యంత్రముపై వ్యయము చేయుటకు ముందు అది ఇంకెన్నాళ్లు నడచునో యోచింపవలెను. ధర యెల్లపుడు తగ్గుననియు నమ్మరాదు. కృత్రిమ మేధ యంత్రశాలలకు చిప్పుల గిరాకీ పెరుగుటచే 2025 చివర మెమరీ ధరలు పైకెగసినవి.

డెబ్బదియేండ్లకు మించిన ఈ చరిత్రలో, ఉన్న స్థలమును కొలిచి వాడినవారు 10 కిలోబైట్లతో గొప్ప పనులు చేసిరి. కావున మీ యంత్రము మందగించిననాడు, దుకాణమునకు పోవుటకు ముందు, అది మందగించిన వేళనే పట్టిక తెరచి చూడుడు. మెమరీ నిండి డిస్కు పరుగెత్తుచున్న, పూడిక తీసి, అప్పటికిని చాలకున్న పెంచుడు. మెమరీలో చోటుండియు డిస్కే పరుగెత్తుచున్న, ఆ పైకమును డిస్కునకు దాచుకొనుడు. రెండును నిదానముగా నున్న, దోషము మరియెచ్చటనో కలదు. అది తేలువరకు పైకమును ఇంటనే యుంచుడు.