కిలో ఆవకాయ, కిలో కెమెరా

ఆన్‌సైట్‌కి బయల్దేరే ప్రతి ఇంట్లోనూ జరిగే సీనే ఇది. సూట్‌కేసు 23 కిలోలు దాటిందా లేదా అని దాన్ని ఎత్తుకుని బరువు చూసే మిషనెక్కడం, ఆవకాయ డబ్బా తీయడం, అమ్మ మొహం చూసి మళ్ళీ పెట్టడం. రెండేళ్ళ క్రితం పటాన్‌చెరులో మా ఇంట్లోనూ అదే గోల. ఆ హడావిడిలో నాన్న ఒకటే ప్రశ్న అడిగాడు.

"కెమెరా నంబరు రాసి పెట్టుకున్నవారా?"

నవ్వొచ్చింది. నాన్న ఇక్కడి ఫ్యాక్టరీలో పాతికేళ్ళు స్టోర్స్‌లో పనిచేశాడు. ఇంట్లో మిక్సీ కొన్నా దాని నంబరు నోట్‌బుక్‌లో ఎక్కాల్సిందే. "ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది నాన్నా, అంతా వాళ్ళే చూసుకుంటారు" అన్నాను.

నాలుగో నెలలో జర్మనీలో రైల్లో కునుకు తీశాను. లేచేసరికి పైన పెట్టిన బ్యాగు లేదు. కెమెరా, రెండు లెన్సులు, కార్డులు అన్నీ అందులోనే. అదే రోజు పోలీసులకి ఫిర్యాదు రాసిచ్చి, ఆ కాగితంతో క్లెయిమ్ పెట్టాను. జవాబు రెండు లైన్లు. బ్యాగేజీ కవర్ విమానం వాళ్ళకి అప్పగించిన సామానుకే వర్తిస్తుంది. ఆ సామానులో ఉన్నా సరే కెమెరాలు, కంప్యూటర్లు మినహాయింపు.

కడుపు మండింది. కానీ పాలసీ తీసి చదివితే వాళ్ళన్నది అక్షరాలా నిజం. ఇది ఒక్క కంపెనీ కథ కాదు, చాలా పాలసీల్లో ఇంతే ఉంది. అసలు సామాను ఇన్సూరెన్సులో ఖరీదైనవాటినే బయట పెట్టడమేంటి? ఈ కోపంతోనే కొన్ని వారాంతాలు పాత చట్టాలు తిరగేశాను.

కథ 1929లో వార్సాలో మొదలవుతుంది. విమాన ప్రయాణాలు అప్పుడప్పుడే ఊపందుకుంటున్న రోజులు. సామాను పోతే విమాన సంస్థ ఎంత కట్టాలి అని దేశాలన్నీ కూర్చుని ఒక లెక్క తేల్చాయి. అప్పగించిన సామానుకి కిలోకి 250 గోల్డ్ ఫ్రాంకులు మించకుండా. చేతిలో ఉంచుకున్నవాటికి మనిషికి 5,000. మన దేశంలో 1934 చట్టంతో ఇది అమల్లోకొచ్చింది.

గమనించారా? లెక్క బరువుని బట్టి! చట్టం దృష్టిలో కిలో ఆవకాయా, కిలో కెమెరా ఒకటే. మనం 23 కిలోలంటూ తూకం ముందు పడే పాట్లకీ, సంస్థ ఇచ్చే పరిహారానికీ చాలా కాలం ఒకటే కొలమానం.

1999లో మాంట్రియల్ ఒప్పందం దీన్ని మార్చింది. కిలో పోయి మనిషి వచ్చాడు. మన దేశంలో అది 2009లో అమల్లోకొచ్చింది. 2024 డిసెంబరు చివర్లో పెరిగాక ఆ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే రెండు లక్షల రూపాయలకి లోపే. ఇది గరిష్ఠ పరిమితే, అంతా ఇచ్చేస్తారని కాదు. చేతి సామాను పోతే తప్పు విమాన సంస్థదని తేలాలి. రైల్లో నిద్రపోయినవాడికి వార్సా అయినా మాంట్రియల్ అయినా చేసేదేం లేదు.

అయితే ఈ రెండు ఒప్పందాల్లోనూ ఒక చిన్న వాక్యం ఉంది. సామాను అప్పగించేటప్పుడే దాని విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కడితే, ఆ పరిమితి వర్తించదు. చెప్పుకున్నవాడికి ఒక లెక్క, చెప్పనివాడికి ఇంకో లెక్క అన్నమాట.

ఈ సూత్రం విమానాలకంటే చాలా పాతది. 1680ల్లో లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హోటల్లో ఓడల బీమా బేరాలు జరిగేవి. ఓడ పేరు, సరుకు, విలువ రాసిన కాగితం కింద, నష్టం భరిస్తామన్నవాళ్ళు సంతకాలు పెట్టేవాళ్ళు. అండర్‌రైటర్ అనే మాట అలా కింద రాయడంలోంచే వచ్చింది. పైన రాసి ఉంటేనే కదా కింద సంతకం!

మన దగ్గర 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీతో జనరల్ ఇన్సూరెన్స్ మొదలైంది. 1972 చట్టంతో జాతీయం చేసి, 107 కంపెనీలని 1973 నుంచి నాలుగుగా కలిపేశారు. నాన్న ఉద్యోగంలో చేరేనాటికి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఏ ఫ్యాక్టరీకి ఫైర్ పాలసీ కావాలన్నా ఆ నాలుగింటి దగ్గరికే వెళ్ళాలి. 2000లో ప్రైవేటుకి తలుపులు తెరిచారు. ఇప్పుడు బీమా నియంత్రణ సంస్థ ఆఫీసు నానక్‌రామ్‌గూడలోనే ఉంది, నా క్యూబికిల్ నుంచి పది నిమిషాలు. మినహాయింపుల పేజీ మాత్రం నేనెప్పుడూ తిప్పలేదు!

తిరిగొచ్చాక నాన్నకి ఇదంతా చెప్తే ఆయనకేం ఆశ్చర్యం కలగలేదు.

"మిషన్ కాలిపోతే సర్వేయర్ వచ్చి ఫస్ట్ ఏమడుగుతడో తెల్సా? రిజిస్టర్. అండ్ల లేని మిషన్ కాలనట్టే."

ఇంకోటి కూడా చెప్పాడు. పది లక్షల మిషన్‌ని ఐదు లక్షలకే రాయించి ప్రీమియం మిగిలిందనుకుంటే, రెండు లక్షల నష్టానికి చేతికొచ్చేది లక్షే. సగమే రాయించావు కాబట్టి సగమే. కెమెరాకి విడిగా పాలసీ తీసుకున్నా ఇలాంటి షరతు ఉందేమో చూసుకోవాలి. విదేశాల్లోనూ వర్తిస్తుందా, ఎవరూ కాపలా లేనప్పుడు పోతే ఇస్తారా అన్నవి సంతకానికి ముందే అడగాలి. బిల్లు, నంబరు దగ్గరుండాలి. వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్ళకి కెమెరా చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చేటప్పుడు అది అక్కడ కొన్నది కాదని రుజువు.

ఇవన్నీ పక్కాగా చేసినా నాకు రానిది ఒకటుంది. పోయిన కార్డుల్లో ఒకదాన్లో మా నానమ్మ ఆడిన చివరి బతుకమ్మ ఉంది. నేను వెళ్ళిన రెండో నెలలో ఆమె పోయింది. ఫోటోలు తర్వాత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుందాంలే అనుకున్నాను. రోజూ ఆఫీసులో బ్యాకప్‌ల గురించి జూనియర్లకి క్లాసులు పీకేది నేనే!

మా ఇంటికి దగ్గర్లోనే ఇక్రిశాట్ ఉంది. అక్కడి జీన్ బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాల రకాలు భద్రంగా దాచారు. అయినా అక్కడితో ఆగలేదు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన విత్తనాల ఖజానాకి నకళ్ళు కూడా పంపారు. పోతే డబ్బుతో తిరిగి కొనలేనిదానికి బీమా అంటే ఇంకో చోట ఇంకో కాపీ. చిన్నప్పట్నుంచీ ఆ గేటు ముందు నుంచే బస్సులో వెళ్ళినా నాకు తట్టలేదు.

మొన్న ఇంకో కెమెరా కొన్నాను. నాన్న అడక్కముందే ఆయన నోట్‌బుక్ తీసి నంబరు నేనే రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "లెన్సు నంబరేది?" అన్నాడు.

మీ బ్యాగులో ఉన్నవాటి నంబర్లు మీ దగ్గరున్నాయా?