నాయక్ ఎలా తయారవుతాడు? తిలంగా సిపాయి నుంచి జూనియర్ లీడర్స్ కోర్సు దాకా

మన ఇళ్లలో ఒకరు సివిల్స్‌కి చదువుతుంటే, తమ్ముడో బావమరిదో సైన్యంలో ప్రమోషన్ కేడర్‌కి తయారవుతుండటం మామూలే. వాళ్ల పరీక్ష వెనుక ఉన్న చరిత్ర మన జీఎస్ పేపర్-1లోనిదే. సెక్షన్ అంటే సుమారు పదిమంది జవాన్లు. వాళ్లను నడిపేది హవల్దారో నాయకో. ఆ బాధ్యత ఎవరికివ్వాలి? పుట్టుక చూసా, సర్వీసు చూసా, పరీక్ష పెట్టా? రెండున్నర శతాబ్దాల్లో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులు తెలియాలంటే ఖరగ్‌పూర్ ప్రాంతాన్ని చూస్తే చాలు.

1. రైలు కంటే ముందు వచ్చిన పేరు

1756లో క్లైవ్ మద్రాసు నుంచి ఓడల్లో బెంగాల్‌కు బయల్దేరినప్పుడు వెంట సుమారు 1500 మంది సిపాయిలున్నారు. మద్రాసు సిపాయిల్లో తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి, బెంగాల్ జనం కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేశారు. తర్వాత అవధ్ నుంచి చేరినవాళ్లకీ అదే పేరు నిలిచింది. 1857లో ఢిల్లీలో తిరగబడిన సిపాయిలనూ తిలంగాలనే పిలిచారు. 1760లో మీర్ ఖాసిం బర్ద్వాన్, మిద్నాపూర్, చిట్టగాంగ్‌లను కంపెనీకి ఇచ్చాడు. ఖరగ్‌పూర్ ఈ మిద్నాపూర్ ప్రాంతంలోదే.

2. సీనియారిటీ అనే గోడ

మొదట్లో భారతీయులకు కొంత పెత్తనం ఉండేది. మద్రాసు సైన్యంలో యూసుఫ్ ఖాన్ సిపాయిలందరికీ కమాండెంట్ అయ్యాడు. 1796 పునర్వ్యవస్థీకరణతో ప్రతి పటాలంలో యూరోపియన్ ఆఫీసర్లు పెరిగారు, సుబేదారు స్థాయి దిగజారింది. ముప్పై ఏళ్లు సర్వీసు చేసిన సుబేదారు కూడా నిన్న మొన్న ఓడ దిగిన కుర్ర ఆఫీసరు కిందే. పైగా బెంగాల్ సైన్యంలో ప్రమోషన్లు దాదాపుగా సీనియారిటీ మీదే. సుబేదారు అయ్యేసరికి మనిషి ముసలివాడయ్యేవాడు. చురుకైన కుర్రాడు ఎదురుచూడాల్సిందే.

పీల్ కమిషన్ అనగానే మనం యూరోపియన్, భారతీయ సైనికుల నిష్పత్తి (బెంగాల్‌లో 1:2, మద్రాసు, బొంబాయిల్లో 1:3) రాసి ఆపేస్తాం. ఈ సీనియారిటీ పద్ధతి మీద వచ్చిన విమర్శను కూడా ఒక వాక్యంలో చేర్చండి. జవాబుకు బరువొస్తుంది.

3. సైన్యం వద్దంది, రైలు రమ్మంది

19వ శతాబ్దం చివర్లో 'యుద్ధ జాతుల' సిద్ధాంతం బలపడింది. దాన్ని గట్టిగా నమ్మిన రాబర్ట్స్ 1881 నుంచి మద్రాసు సైన్యానికి, 1885 నుంచి 1893 దాకా మొత్తం భారత సైన్యానికి అధిపతి. ఒకప్పుడు బెంగాల్‌లో సిపాయికే పేరుగా నిలిచిన తెలుగువాడు ఇప్పుడు పదాతిదళానికి పనికిరానివాడయ్యాడు.

దాదాపు ఆ కాలంలోనే ఇంకో తలుపు తెరుచుకుంది. 1887లో మొదలైన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాల్తేరు వైపు మార్గాన్ని చేతికి తీసుకుంది. 1904 నాటికి ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ వచ్చింది. ఉత్తర కోస్తా నుంచి మనవాళ్లు కూలీలుగా, ఫిట్టర్లుగా వచ్చి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డారు. ఇక్కడా గోడ అదే. పని తెలిసిన మిస్త్రీ మనవాడు, పై ఫోర్‌మన్ కుర్చీ ఎక్కువగా యూరోపియన్‌కో ఆంగ్లో-ఇండియన్‌కో. 1920 చట్టంతో వచ్చిన ఆగ్జిలరీ ఫోర్స్‌లో ఈ రైల్వే పేరుతో ఉన్న దళంలోనూ చోటు వాళ్లకే. అంటే సుబేదారు కథే వర్క్‌షాప్‌లో మిస్త్రీ కథ.

4. యుద్ధం నేర్పిన పాఠం

మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్ గన్‌ల ముందు గుంపుగా నడవడం ఆత్మహత్యే అయింది. సైనికులు చెదిరి నడవాలి, అప్పుడు ఆఫీసరు గొంతు అందరికీ అందదు. సెక్షన్ నడిపేవాడు సొంతంగా నిర్ణయం తీసుకోవాలి. బర్మా అడవుల్లో ఇది ఇంకా స్పష్టమైంది. అరకాన్ ఓటమి తర్వాత, 1943లో 14, 39 డివిజన్లను పూర్తిగా శిక్షణకే కేటాయించారు. చిన్న నాయకుణ్ణి వయసు తయారుచేయదు, శిక్షణే చేస్తుందని సైన్యం ఒప్పుకున్నట్టయింది.

స్వాతంత్ర్యం తర్వాత వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లు జేసీఓలయ్యారు. 1949లో టెరిటోరియల్ ఆర్మీ మొదలైంది. దాని రైల్వే రెజిమెంట్లలో ఒకటి ఖరగ్‌పూర్ ఉన్న సౌత్ ఈస్టర్న్ రైల్వేలోని ఆద్రాలో, ఇంకొకటి సికింద్రాబాద్‌లో ఏర్పడ్డాయి. రైల్వే ఉద్యోగికీ యూనిఫాం అందింది.

5. ఈ రోజు కోర్సులో ఏం చూస్తారు?

మహూ ఇన్‌ఫాంట్రీ స్కూల్‌కు చెందిన జూనియర్ లీడర్స్ వింగ్ బెళగావిలో ఉంది. ఇలాంటి కోర్సుకు వెళ్లే మీ వాళ్లకు ఇవి చెప్పండి:

- ఒళ్లు: యుద్ధ సామగ్రితో 5 కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, 9 అడుగుల గుంట దూకడం. నెలల ముందే మొదలుపెట్టాలి, బరువు మెల్లగా పెంచాలి.
- మ్యాప్ రీడింగ్: గ్రిడ్ రిఫరెన్స్, కాంపస్ బేరింగ్. పుస్తకం చదివితే రాదు, పగలూ రాత్రీ నేల మీద నడవాలి.
- ఆర్డర్లు: పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరా, కమాండ్-సిగ్నల్. ఈ వరుస తప్పకుండా, మట్టి నమూనా ముందు నిలబడి గట్టిగా చెప్పడం రోజూ సాధన చేయాలి.
- బోధన: తనకు వచ్చిన ఆయుధ పాఠాన్ని పక్కవాడికి నేర్పగలగాలి. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే.

ఈ నాలుగింటిలో ఎక్కడా కులం, ప్రాంతం, తెల్ల వెంట్రుకలు లెక్కలోకి రావు. తిలంగా సిపాయికి, ఖరగ్‌పూర్ మిస్త్రీకి దొరకనిది సరిగ్గా ఇలాంటి అవకాశమే. పరీక్ష కఠినంగా ఉందని విసుక్కునే ముందు ఈ సంగతి గుర్తుంచుకుందాం. ఇది మనకూ వర్తిస్తుంది.

సాధన ప్రశ్న: "వలస పాలనలో భారతీయుడికి బాధ్యత దక్కింది కానీ అధికారం దక్కలేదు." సైన్యం, రైల్వేల ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)